కోడి తెలుసు, కూర తెలుసు: మధ్యలో జరిగేది బడిలో ఎవరు చెప్పాలి?

సంక్షిప్తంగా: పాఠ్యపుస్తకాలు జంతువులను పరిచయం చేస్తాయి, మాంసకృత్తుల గురించి చెబుతాయి. జంతువు ఆహారంగా మారే దశను మాత్రం దాటేస్తాయి. బెంగళూరులో ఆ దశ పిల్లల కళ్ల ముందు నుంచి కూడా తప్పుకుంటోంది. టీచర్లు వెనకాడేది చావు గురించి మాట్లాడాలన్న భయంతో కంటే, తినేవాళ్లూ తిననివాళ్లూ ఒకే బెంచీ మీద ఉంటారన్న టెన్షన్‌తోనే. గుడ్డు, పాలతో మొదలుపెట్టి వయసును బట్టి ముందుకు వెళితే, కబేళా చూపించకుండానే ఈ పాఠం చెప్పవచ్చు.

ఉగాది మరుసటి రోజు బెంగళూరులో హొసతొడకు, అంటే మాంసం వండుకునే పండుగ. మైసూరు రోడ్డు వైపు మటన్ అంగళ్ల ముందు తెల్లారకముందే క్యూలు మొదలవుతాయి. చుట్టుపక్కల ఊళ్లలో నలుగురూ కలిసి పొట్టేలును కొని, కోయించి, పోగులు వేసి పంచుకుంటారు. నగరంలోని తెలుగు ఇళ్లకు కనుమ ఉంది: పొద్దున పశువులకు పూజ, మధ్యాహ్నం కోడికూరో మటనో. ఇవి పిల్లలకు తెలియని సంగతులేం కావు. అయినా పొట్టేలుకూ కూరకూ మధ్య ఏం జరిగిందన్న ప్రశ్నకు తరగతిలో చోటు దొరకదు.

ఈ మధ్య ఆ ప్రశ్న పైకి రావడానికి రెండు కారణాలున్నాయి. బడి భోజనంలో గుడ్డు పెట్టాలా వద్దా అని కర్ణాటకలో నడిచిన వాదన ఒకటి. బర్డ్ ఫ్లూ వార్తలు రెండోది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు చనిపోయాయి, మిగిలినవాటిని చంపి పూడ్చిపెట్టారు. అలాంటి వార్త చూసిన పిల్లలకు వచ్చే సందేహాలు సూటిగానే ఉంటాయి. అన్ని కోళ్లను ఒకే చోట ఎందుకు పెట్టారు? జబ్బు లేనివాటిని కూడా ఎందుకు చంపారు? మనం తినేది వాటినేనా? వీటికి జవాబు చెప్పడానికి కావలసిన నేపథ్యం చిన్న తరగతుల పాఠాల్లో లేదు.

పుస్తకం ఎక్కడ ఆగిపోతుంది

ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి సైన్సు పుస్తకం చాలా ఏళ్లపాటు ఆహారం ఎక్కడి నుంచి వస్తుందన్న పాఠంతోనే మొదలయ్యేది. అందులో ఇడ్లీ, చికెన్ కర్రీ, ఖీర్ ఒకే పట్టికలో ఉండేవి. ఏది మొక్క నుంచి వచ్చింది, ఏది జంతువు నుంచి వచ్చింది అన్నది పిల్లలు రాయాలి. తొమ్మిదో తరగతిలో పశుపోషణ వచ్చేది: గుడ్ల కోసం పెంచే లేయర్ కోడికీ మాంసం కోసం పెంచే బ్రాయిలర్‌కూ తేడా, దాణా, షెడ్డు, జబ్బులు. బ్రాయిలర్లను మాంసం కోసం మార్కెట్‌కు పంపుతారన్న ముక్కతో ఆ కథ ఆగిపోయేది. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పశుపోషణ ఉన్న అధ్యాయాన్నయితే 2022లో సిలబస్ తగ్గించినప్పుడు మొత్తంగా తీసేశారు.

ఇక చిన్న తరగతుల్లో కనిపించేది పెంపుడు జంతువుల ఉపయోగాల జాబితా. ఆవు పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది, గొర్రె ఉన్ని ఇస్తుంది. గొర్రె దగ్గరికి వచ్చేసరికి ఈ జాబితా మరీ విడ్డూరంగా తయారవుతుంది. నెల్లూరు గొర్రెకు చెప్పుకోదగ్గ ఉన్నే ఉండదు, అది మాంసపు జాతి. మండ్య వైపు బన్నూరు గొర్రె పేరెత్తితే బెంగళూరులో ఎవరికైనా గుర్తొచ్చేది మటన్ రుచే. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న మొదటి మూడు రాష్ట్రాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. ఆ మూడు రాష్ట్రాల పిల్లలే గొర్రె అంటే ఉన్ని అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

అంటే సమాచారం లేదని కాదు. మొదలు ఉంది, చివర ఉంది. రవాణా, పశువైద్యుడి పరీక్ష, కోత, ఆ పని చేసే మనుషులు, చర్మం, ఎముకలు, వ్యర్థాలు ఎక్కడికి పోతాయన్న సంగతి ఇవేవీ లేవు.

నగరం కూడా దాచేస్తోంది

పశ్చిమ దేశాల్లో కబేళాలు ఊరికి దూరంగా వెళ్లిపోయి, మాంసం ప్లాస్టిక్ ట్రేల్లోకి చేరి చాలా కాలమైంది. దాని ఫలితం ఎలా ఉంటుందో 2021లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. ఆగ్నేయ అమెరికాలో 4 నుంచి 7 ఏళ్ల పిల్లలను అడిగితే, పది మందిలో దాదాపు నలుగురు బేకన్ మొక్కల నుంచి వస్తుందన్నారు. రోజూ తినేవాళ్లకే అది పంది మాంసమని తెలియదు. ఆవును, పందిని తినకూడదని కూడా వారిలో ఎక్కువమంది అన్నారు.

బెంగళూరు ఇంకా అంత దూరం పోలేదు. శివాజీనగర్‌లోనో కె.ఆర్.పురంలోనో చికెన్ సెంటర్ ముందు పంజరాలు ఉంటాయి. కోడిని చాలావరకు దుకాణంలోనే కోస్తారు. మటన్ అంగట్లో పొట్టేలు కళేబరం కొక్కేనికి వేలాడుతుంది, తలకాయ, కాళ్లు పక్కన బల్ల మీద ఉంటాయి. తండ్రితో కలిసి ఆదివారం మాంసానికి వెళ్లిన పిల్లవాడికి చెప్పకుండానే సగం పాఠం అర్థమైపోతుంది.

అయితే ప్యాకెట్ మాంసం వ్యాపారానికి కూడా ఈ నగరమే పుట్టిల్లు. లిషియస్, ఫ్రెష్‌టుహోమ్ రెండూ 2015లో బెంగళూరు కేంద్రంగా మొదలైనవే. సర్జాపుర, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఆర్డర్ చేసిన అరగంటకో గంటకో కడిగి, కోసి, తూకం వేసిన ముక్కలు గుమ్మం దగ్గరికి వచ్చేస్తున్నాయి. శుభ్రత పరంగా దీనికి లాభాలున్నాయి, కోల్డ్ చైన్ కూడా మెరుగే. కానీ ఆ ఇంటి పిల్లవాడికి మాంసం జంతువు ఆకారంలో కనబడే సందర్భం దాదాపుగా పోయింది. ఇంతకాలం బజారు చెప్పిన పాఠాన్ని బజారు మానేస్తే, బడి తప్ప చెప్పేవాళ్లు మిగలరు.

దీనికి తోడు, దేశంలో తయారయ్యే మాంసంలో దాదాపు సగం ఇప్పుడు కోడిదే. ఆ కోడి పెరిగే తీరు పెరటికోడిని చూసి పెరిగిన తాతలకు కూడా కొత్తదే. నలభై గ్రాముల పిల్ల ఐదారు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. కిలో బరువు పెరగడానికి తినేది ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాణా, ఎక్కువగా మొక్కజొన్న, సోయా. చాలా ఫారాల్లో కోడిపిల్లా, దాణా, మందులూ కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. చివర్లో రైతుకు కిలోకు ఇంత అని పెంపకం కూలి వస్తుంది. ఒకే వయసు కోళ్లు వేలల్లో ఒకే షెడ్డులో ఉండటానికి కారణం ఈ లెక్కే. ఒక్కదానికి వైరస్ వస్తే చుట్టూ ఉన్నవాటన్నింటినీ చంపాల్సి రావడానికీ అదే కారణం. ఇది ఏడో తరగతి పిల్లలకు అర్థం కానంత కష్టమైన విషయమేమీ కాదు, లెక్కల పీరియడ్‌లో కూడా చెప్పొచ్చు.

గుడ్డు, పాలు: సులువుగా కనిపించే పాఠాలు

మాంసం గొడవ ఎందుకని చాలామంది టీచర్లు గుడ్డు, పాల దగ్గర ఆగిపోతారు. అక్కడ చావు ప్రసక్తి ఉండదని వారి నమ్మకం. నిజానికి మాంసం ప్రశ్న అక్కడ కూడా ఉంది.

అంగట్లో కొనే ఫారం గుడ్డులో పిల్ల ఉండదు. లేయర్ షెడ్డులో పుంజులే ఉండవు కాబట్టి ఆ గుడ్డు పొదిగినా పిల్ల కాదు. గుడ్డు శాకాహారమా మాంసాహారమా అని ఇళ్లలో జరిగే వాదనకు ఈ ఒక్క విషయం చాలా వరకు స్పష్టత ఇస్తుంది. కానీ గుడ్లు పెట్టే పెట్ట ఎక్కడి నుంచి వచ్చింది? హేచరీలో 21 రోజులకు పొదిగిన పిల్లల్లో సగం మగవే. లేయర్ జాతి మగపిల్ల గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా బరువూ పెరగదు. అందుకే ప్రపంచమంతటా వాటిని మొదటి రోజే చంపేసే పద్ధతి నడిచింది. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది. మన దగ్గర సంతల్లో, జాతరల్లో గులాబీ, పచ్చ రంగులు పూసి అమ్మే కోడిపిల్లలు ఎక్కువగా ఇలా మిగిలిపోయిన మగవే. ఆ రంగుపిల్లను కొనిపెట్టమని మారాం చేయని పిల్లలు తక్కువ. ఇక పెట్ట విషయానికొస్తే, సుమారు 18 నుంచి 20 వారాల వయసులో గుడ్లు మొదలుపెట్టి, ఏడాదికి మూడు వందల దాకా పెట్టి, గుడ్లు తగ్గాక అదీ మాంసానికే వెళుతుంది.

పాల సంగతీ అంతే. ఆవు ఊరికే పాలివ్వదు; సుమారు తొమ్మిది నెలల చూడి తర్వాత ఈనితేనే ఇస్తుంది. పుట్టినవాటిలో సగం కోడెదూడలు. ఎద్దులతో దున్నే రోజుల్లో వాటికి పని ఉండేది, ట్రాక్టర్ వచ్చాక లేదు. కర్ణాటక 2020లో తెచ్చిన చట్టం ఆవు, దూడ, ఎద్దు, కోడె అన్నింటి వధనూ, 13 ఏళ్లలోపు గేదెల వధనూ నిషేధించింది. మరి పాడిరైతు దగ్గర పుట్టిన కోడెదూడ ఏమవుతుంది? ఆడదూడలే పుట్టేలా లింగ నిర్ధారిత వీర్యాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించడానికి ఈ లెక్క ఒక కారణం. పాల ప్యాకెట్ కత్తిరించే ప్రతి ఇంటికీ, శాకాహారులతో సహా, ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. పాఠం ఇక్కడి నుంచి మొదలైతే, అది తినేవాళ్ల మీద తీర్పులా అనిపించదు.

ఏ వయసుకు ఎంత

చావు అంటే ఏమిటో పిల్లలకు ఒక్కసారిగా అర్థం కాదు. చనిపోయినవాళ్లు తిరిగి రారని, శరీరం పనిచేయడం పూర్తిగా ఆగిపోతుందని, అది ప్రతి ప్రాణికీ తప్పదని మూడు భావనలు విడివిడిగా ఏర్పడతాయి. మార్క్ స్పీస్, శాండర్ బ్రెంట్ అనే పరిశోధకులు 1984లో అప్పటి అధ్యయనాలన్నీ సమీక్షించి, ఎక్కువమంది పిల్లలకు ఇవి 5 నుంచి 7 ఏళ్ల మధ్య స్థిరపడతాయని చెప్పారు. దీని ప్రకారం ఒకటో తరగతి పిల్లవాడు అడిగితే అబద్ధం చెప్పాల్సిన పని లేదు, వివరంగా వర్ణించాల్సిన పనీ లేదు. కోడిని కోస్తే మాంసం వస్తుంది, కోశాక అది మళ్లీ బతకదు. అంత చాలు.

తొమ్మిది, పదేళ్లకు ప్రశ్న మారుతుంది. బ్రిటన్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ప్రచురించిన అధ్యయనంలో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్లకు భిన్నంగా జవాబిచ్చారు. పందిని కుక్కలాగే, మనిషిలాగే చూడాలన్నది వారి వాదన. జంతువును బట్టి విలువ మార్చే అలవాటు పుట్టుకతో వచ్చేది కాదని, పెరిగే క్రమంలో పట్టుబడుతుందని పరిశోధకుల అంచనా. దీన్ని తెలుగు, కన్నడ పిల్లలకు నేరుగా వర్తింపజేయడం కష్టమే. జాతరలో వేటపోతును కోయడం చూసిన పల్లె పిల్లవాడికి ఉన్న అవగాహన వేరు. అయినా టీచర్ తెలుసుకోవలసింది ఒకటుంది: నాలుగైదు తరగతుల్లో మొదటగా వచ్చేది అది న్యాయమేనా అన్న ప్రశ్న. ఎలా జరుగుతుందన్నది తర్వాత వస్తుంది. పోషకాల పట్టిక చూపిస్తే దానికి జవాబు దొరకదు.

పెంచి చూసిన బడులు

కొన్ని దేశాల్లో బడులే జంతువును పెంచి చూశాయి. జపాన్‌లో ఒసాకా వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో 1990లో నాలుగో తరగతి పిల్లలు, పెద్దయ్యాక తినాలన్న ఉద్దేశంతో ఒక పందిపిల్లను తెచ్చుకున్నారు. దానికి పి-చాన్ అని పేరు పెట్టారు. బడి వదిలి వెళ్లే సమయం వచ్చేసరికి ఏం చేయాలో తేలక తరగతి రెండుగా చీలిపోయింది. రోజుల తరబడి వాదించుకున్నాక చివరికి పందిని మాంసం కేంద్రానికే పంపారు. ఆ ప్రయోగం మీద జపాన్‌లో నేటికీ ఏకాభిప్రాయం లేదు. తర్వాత 2005లో ఆ దేశం ఆహార విద్యకు ప్రత్యేక చట్టమే తెచ్చింది.

ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో 2009లో ఒక బడి మార్కస్ అనే గొర్రెపిల్లను పెంచింది. పిల్లల కౌన్సిల్ ఓటు వేసి కబేళాకు పంపాలని నిర్ణయించింది. బయటివాళ్ల నుంచి ఎంత ఒత్తిడి వచ్చిందంటే, గొర్రె వెళ్లిన కొన్ని నెలలకు ప్రధానోపాధ్యాయురాలు ఉద్యోగం వదిలేశారు. పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ తల్లడిల్లారని అప్పటి చర్చ చూస్తే అనిపిస్తుంది.

డెన్మార్క్‌ది వేరే పద్ధతి. హోర్సెన్స్ పట్టణంలోని భారీ పంది కబేళాలో సందర్శకుల కోసం అద్దాల గ్యాలరీ ఉంది, బడి పిల్లలు కూడా వెళతారు. అమెరికాలో 1902లో మొదలైన 4-హెచ్ క్లబ్బుల్లో పల్లె పిల్లలు దూడనో పందినో ఏడాదంతా మేపి, ప్రదర్శనలో వేలం వేస్తారు. ఖర్చు, రాబడి లెక్కల పుస్తకం రాయడం కూడా ఆ శిక్షణలో భాగమే.

వీటిలో బెంగళూరుకు పనికొచ్చేది తక్కువే. పేరు పెట్టి పెంచి కోతకు పంపే ప్రయోగం ఇక్కడ ఏ బడీ చేసినట్టు వినలేదు, చేయాల్సిన అవసరమూ కనబడదు. 4-హెచ్‌లోని లెక్కల పుస్తకం మాత్రం సులభంగా తెచ్చుకోగలిగినది.

అసలు చిక్కు తరగతిలోనే ఉంది

2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో శాకాహారులు తెలంగాణలో 1.3 శాతం, ఆంధ్రలో 1.75 శాతం, తమిళనాడులో 2.35 శాతం. కర్ణాటకలో 21.1 శాతం. అంటే ఆంధ్ర నుంచి వలస వచ్చిన కుటుంబం పిల్లవాడు సొంతూళ్లో ఎదుర్కోని పరిస్థితిని బెంగళూరు బడిలో ఎదుర్కొంటాడు. ఐదుగురిలో ఒకరు మాంసం తినని రాష్ట్రం ఇది. ప్రైవేటు బడులు కొన్ని డబ్బాలో మాంసాహారం తేవొద్దంటాయి. నియమం చిన్నదే. కానీ ఇంట్లో తినేది బడిలో చెప్పుకోకూడని విషయమని పిల్లవాడు దాని నుంచి నేర్చుకుంటాడు.

గుడ్డు గొడవలోనూ ఇదే జరిగింది. కల్యాణ కర్ణాటక జిల్లాలతో 2021 డిసెంబరులో బడిలో గుడ్డు మొదలైనప్పుడు కొందరు మఠాధిపతులు గట్టిగా వ్యతిరేకించారు. తిననివారికి అరటిపండు ఇవ్వాలన్న సర్దుబాటుతో పథకం నిలబడింది, తర్వాత రాష్ట్రమంతటికీ పాకింది. 2024లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో వారానికి ఆరు రోజులకు పెరిగింది. తమిళనాడు బడుల్లో గుడ్డు 1989 నుంచే ఉంది, అక్కడ అది పెద్ద వివాదంగా మిగల్లేదు. కర్ణాటకలో గుడ్డు వారానికి ఆరు రోజులు తరగతి దాకా వస్తున్నా, అది వచ్చిన ఫారం గురించి పిల్లలు తెలుసుకోవడానికి హైస్కూలు దాకా ఆగాల్సిందే.

ఇంతకంటే సున్నితమైనది ఇంకొకటి ఉంది. మటన్ అంగడి నడిపేవారి పిల్లలు, కబేళాలోనో తోళ్ల పనిలోనో ఉన్నవారి పిల్లలు, గొర్రెలు కాచే కురుబ, గొల్ల ఇళ్ల పిల్లలు అదే తరగతిలో ఉంటారు. జంతువుకూ మాంసానికీ మధ్యలో జరిగే పని గురించి మిగతా అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు వీళ్లే. టీచర్ మౌనంగా ఉంటే, మీ నాన్న ఏం చేస్తారన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి వీళ్లే వెనకాడతారు. వృత్తుల పాఠంలో కుమ్మరి, వడ్రంగి, పోస్ట్‌మ్యాన్ ఉంటారు. మాంసం కోసేవాడు ఉండడు. ఇంతమంది తినే ఆహారాన్ని తయారుచేసే పని జాబితాలోంచి జారిపోయాక ఆ ఖాళీని కులం మాటలు, మతం మాటలు నింపుతాయి. ఈ పాఠం చెప్పాలనడానికి పోషకాహారం కంటే, జంతు సంక్షేమం కంటే ఇదే బలమైన కారణంగా కనిపిస్తుంది.

కబేళా దాకా వెళ్లాలా

అక్కర్లేదు. దేశంలో కబేళాలకు 2001 నాటి నియమాలున్నాయి. ఒక జంతువును మరో జంతువు చూస్తుండగా కోయకూడదు. చూడితో ఉన్నదాన్ని, మూడు నెలలలోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. కోతకు ముందు పశువైద్యుడు పరీక్షించాలి. ఒక్కో వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జంతువులను మించి చూడకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని అక్కడ ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. అక్కడ పనికి పెట్టుకోవడానికే చట్టం ఒప్పుకోని వయసువాళ్లను చూడటానికి తీసుకెళ్లమనడంలో అర్థం లేదు. అదే నియమాలను ఎనిమిదో తరగతిలో చదివించి, మన వీధి దుకాణంలో వీటిలో ఏవి పాటిస్తున్నారో గమనించమంటే పౌరశాస్త్రం, ఆరోగ్యం రెండూ కలిసొస్తాయి. గాంధీ జయంతి, మహావీర్ జయంతి రోజుల్లో నగరంలో మాంసం అమ్మకాలు ఎందుకు ఆపుతారన్నదీ ఆ చర్చలోకే వస్తుంది.

చూడటానికి మంచి చోట్లు బెంగళూరు చుట్టూ చాలానే ఉన్నాయి. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ ఉంది. హెబ్బాళ పశువైద్య కళాశాల గిరిరాజ కోడి పుట్టిన చోటు. పెరట్లో తిరిగి బతకగలిగేలా తయారుచేసిన జాతి అది. ఆడుగోడిలోని పాడి పరిశోధన కేంద్రానికి 1927లో గాంధీ స్వయంగా వెళ్లి పశుపోషణ నేర్చుకున్నారు. ఏటా నవంబరు ప్రాంతంలో వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం జీకేవీకేలో జరిగే కృషి మేళాకు బడుల నుంచి బస్సులు వస్తూనే ఉంటాయి. అక్కడ పిల్లలు పొట్టేలుతో ఫొటో దిగి వచ్చేస్తారు. దాన్ని ఎన్ని నెలలు మేపుతారు, ఎంత ఖర్చవుతుంది, ఎవరికి అమ్ముతారు అని రైతును అడిగి రాసుకొస్తే, అదే ప్రయాణం పాఠమవుతుంది.

ఏం మారే అవకాశం ఉంది

ఇలా చెబితే పిల్లలు మాంసం మానేస్తారేమోనని కొందరు తల్లిదండ్రుల భయం, తినని ఇంటి పిల్లలు తినడం మొదలుపెడతారేమోనని ఇంకొందరి భయం. ఇంటి అలవాటు ముందు ఒక పాఠం ప్రభావం చిన్నదే. ఒకరిద్దరు పిల్లలు కొన్ని రోజులు కూర ముట్టకపోవచ్చు, దానికి ఇల్లు సిద్ధంగా ఉంటే చాలు. మార్పు ఎక్కువగా కనిపించేది వినియోగదారుడి ప్రశ్నల్లో: ఈ కోడిని ఎప్పుడు కోశారు, తనిఖీ ముద్ర ఉందా, చల్లగా ఉంచారా అని అడిగేవాళ్లు పెరగవచ్చు. పుకార్లకు లొంగడం కొంత తగ్గవచ్చు. బర్డ్ ఫ్లూ వచ్చిన ప్రతిసారీ చికెన్ రేటు పడిపోయి చిన్న రైతులు నష్టపోతున్నారు. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదన్న సంగతి బడిలోనే తెలిస్తే ఆ భయం కొంతైనా అదుపులో ఉంటుంది.

కోడి, గొర్రె విషయంలో ఇదంతా సాధ్యమే. సిలబస్ మారక్కర్లేదు, తల్లిదండ్రుల సమావేశంలో ముందుగా ఒక మాట చెబితే సరిపోతుంది. ఆవు, ఎద్దు దగ్గర మాత్రం పరిస్థితి వేరు. అక్కడ చట్టం, ఎన్నికలు, మతం కలిసిపోయి ఉన్నాయి. కోడెదూడ ఏమవుతుందని పిల్లవాడు అడిగితే సూటిగా జవాబు చెప్పే ధైర్యం ఇప్పుడున్న వాతావరణంలో టీచర్ నుంచి ఆశించలేం. చట్టం ఏం చెబుతోందో చదివి వినిపించి, మిగతాది పైతరగతులకు వదిలేయడమే చాలా బడుల్లో జరుగుతుంది.